చేతిబావి మాహాత్మ్యం

పూర్వం, ధాత నామ సంవత్సరపు కరువు పేరెత్తితే పెద్దవాళ్ళు కంచంలో మెతుకు వదలని రోజుల్లో, నల్లరాతి గుట్టల నడుమ ఎండుమెట్ట అనే చిన్న క్రైస్తవ పల్లె ఉండేది. ఆ పేరు పెట్టినవాడెవడో గాని అబద్ధమాడే అలవాటు లేనివాడు. మాఘం దాటితే ఆ మెట్ట మీద కాకి గొంతు తడుపుకోవడానికైనా చుక్క నీరు దొరికేది కాదు, ఆడవాళ్ళు రెండు కోసుల దూరాన వాగులో చెలమలు తోడి కుండలు మోసుకొచ్చేవారు.

ఆ పల్లెలో రాళ్ళు కొట్టి జీవించే భక్తుడొకడు ఉండేవాడు. బాప్తిస్మమిచ్చిన నాడు ఉపదేశకులైన తీతు పంతులుగారు, బైబిలులో ప్రత్యక్ష గుడారాన్ని నిర్మించిన శిల్పి పేరు వెదికి మరీ అతనికి బెసలేలు అని నామకరణం చేయగా, పల్లెవారి నాలుకలు మూడు రోజుల్లో ఆ పేరును బెసలయ్యగా చెక్కేశాయి. పనిలో పేరుకు తగినవాడే గాని, వయసులో ఉండగా బండకు మందు కూరి పేల్చే ఔటు ఒకటి ముందుగానే పేలి, అతని రెండు చెవులనూ పట్టుకుపోయింది. అది మొదలు అతడు రాతిని అరచేతితో వినడం నేర్చాడు. భార్య సలోమి బండకు ఒక కొసన సుత్తితో తట్టేది, అతడు రెండో కొసన చేయి ఆనించేవాడు. అదురు నిండుగా వస్తే రాయి గట్టిది, విరిగి వస్తే లోపల పగులున్నది.

ప్రతి ఆదివారం తీతు పంతులుగారు దేవుని స్వరం వినాలని కంఠశోషగా బోధిస్తూ ఉంటే, ముందు వరుసలోనే కూర్చుని పెదవుల కదలిక చదువుకునే బెసలయ్యను చూసి, చెవిటివాని ముందు శంఖం ఊదినట్టుందని కుర్రకారు మూతులు బిగబట్టి నవ్వుకునేవారు. ఆ నవ్వు అతనికి కనబడేది. ఒకనాడు ఆరాధన ముగిశాక అతడు పంతులుగారికి ఎదురు నిలిచి, "చెవులున్నోళ్ళకి దేవుడు చెప్తాడు, సరే. నాకు ఏ దారిన చెప్తాడయ్యా?" అని అడిగాడు. పంతులుగారు ఎంత చదువరో అంత నిజాయితీపరులు గనుక, తెలియని జవాబు కల్పించక, నాకూ తెలియదని తల అడ్డంగా ఊపారు. అప్పుడు సలోమి మొగుడి చేయి పట్టుకుని మందిరపు గడపరాతి మీద ఆనించి, రెండో కొసన తన వేలి కణుపుతో మెల్లగా తట్టింది. బెసలయ్యకు అర్థమైంది. అక్కడే కూలబడి పసివాడిలా ఏడ్చాడు.

నాటి నుండి ఉలి పట్టే ముందు రాతి మీద అరచేయి ఉంచి, "తండ్రీ, నేను కొట్టకముందు నువ్వు చెప్పు" అని ప్రార్థించి కాసేపు ఊరకే నిలబడడం అతనికి నియమమైంది. ఒక్కో ఉదయం పొరుగువాడెవడో మనసులో మెదిలేవాడు, పోయి చూస్తే జ్వరంతో మూలుగుతూ ఉండేవాడు. ఒక్కో ఉదయం నిన్న తాను విసిరిన పెడసరపు మాట గుర్తుకొచ్చేది, పోయి క్షమాపణ అడిగి వచ్చేవాడు. ఏమీ తోచని ఉదయాలే ఎక్కువ. ఆ రోజుల్లో అతడు దేవుని మీద అలగకుండా, తనకు తెలిసిన పని తాను చేసుకునేవాడు.

అలా ఉండగా ఒక వేసవిలో వాగు చెలమలు కూడా అడుగంటాయి. పల్లె అంతా పూనుకుని మందిరం ఆవరణలో బావి తవ్వడం మొదలుపెట్టగా, ఆరు నిలువుల లోతున బండ తగిలింది. నీళ్ళు పడకపోతే కృష్ణ కాలువల కిందికి కూలికి వలస పోదామని పదకొండు ఇళ్ళవారు అప్పటికే మూటలు కట్టుకున్నారు. ఆ పదకొండింటిలో బెసలయ్య ఒక్కగానొక్క కూతురు తబిత, అల్లుడు ఫిలేమోను, వారి చంటిబిడ్డ ఉన్నారు. మెట్ట దిగి వలస పోయినవారు మళ్ళీ మెట్ట ఎక్కిన దాఖలా ఆ పల్లెలో లేదు. ఆ బావిలో నీళ్ళు పడకపోతే కూతురు తనకిక లేనట్టేనని తండ్రికి తెలుసు.

నడిబండకు మందు కూరి ఔటు పేల్చాలని పెద్దలు నిశ్చయించారు. పేల్చవలసిన నాడు బెసలయ్య అలవాటు చొప్పున బావిలోకి దిగి, సలోమి చేత నడుమ తట్టించి నలువైపులా చేయి ఆనించి చూశాడు. తూర్పు గోడ దగ్గర అదురు విరిగి వచ్చింది. మళ్ళీ చూశాడు, మళ్ళీ విరిగింది. పైకి వచ్చి, ప్రార్థించి చేయి ఆనిస్తే తూర్పున పగులు తెలిసింది, మందు వద్దు, అక్కడ చేత్తో చెక్కుదామన్నాడు.

పల్లె భగ్గుమంది. చేత్తో చెక్కేలోపు మన ప్రాణాలు పోతాయని ఒకరంటే, ముసలాయనకు చాదస్తమని ఇంకొకరన్నారు. ఫిలేమోను మామగారి ఎదుట నిలబడి, పెదవుల కదలిక తెలిసేలా ఒక్కో మాటా విడదీసి చెప్పాడు: "మామా, నీకు ఔటంటే బయం. ఆ బయానికి దేవుడి పేరు పెట్టమాక."

ఆ మాట నిజం కాదని బెసలయ్య ప్రమాణం చేయలేకపోయాడు, చెవులు పోయిన నాటి మంట ఇంకా అతని ఒంట్లో ఉంది. "అయ్యుండొచ్చు అల్లుడా. బయమే అయితే తప్పు నాది. మూడు రోజులు నా తప్పుకియ్యండి, ఆ పైన నేనే మందుకి నిప్పు పెడతా" అన్నాడు. ఔటుకు నిప్పు పెడతానన్న మాట అతని నోట వినేసరికి అందరూ మెత్తబడ్డారు.

రెండు రోజులు గడిచాయి, పొడి రాయి తప్ప మరేమీ రాలలేదు. మూడో నాటి ఉదయం చేయి ఆనిస్తే ఏమీ తెలియలేదు. పొద్దు నడినెత్తికెక్కేసరికి పైన ఫిలేమోను ఓపిక నశించి, బిడ్డను భుజానికెత్తుకుని తబితతో సహా బయలుదేరాడు. సలోమి ఆ సంగతి మొగుడికి చెప్పలేదు, పని ఆగిపోతుందని గుండె రాయి చేసుకుని బావిలో రాళ్ళు గంపకెత్తుతూనే ఉంది. మధ్యాహ్నం తిరిగాక రాతికి ఆనించిన బెసలయ్య చేతికి చల్లదనం తగిలింది. ఉలి ఇంకో రెండు దెబ్బలు తిన్నది, పగులులోంచి వేలెడు ధార చిమ్మింది. పగులును వెడల్పు చేయగా, దాని వెనుక నిలువెత్తు రాతి గుండొకటి బురద ఆసరాతో ఒరిగి నిలబడి ఉండడం అందరూ చూశారు. నడుమ ఒక్క ఔటు పేలి ఉంటే అది జారి ఊటనూ బావినీ కలిపి పూడ్చేసేది.

సలోమి తన కొంగు ఆ ధారలో ముంచి, ఎవరికీ చెప్పకుండా దారి పట్టింది. కోసెడు దూరాన రొప్పుతూ కూతురినీ అల్లుడినీ అందుకుంది. కొంగు పిండి కూతురి దోసిట్లో నీళ్ళు పోసింది. ఎండకు ఆరగా మిగిలినవి నాలుగు చుక్కలే. తబిత వాటిని బిడ్డ పెదవులకు రాసింది. ఫిలేమోను మూటలను మళ్ళీ నెత్తికెత్తుకుని మెట్ట వైపు తిరిగాడు.

ఆ సాయంకాలం తీతు పంతులుగారు నేల మీద వేలితో అక్షరాలు రాసి, దేవుడు నీతో ఏమన్నాడని భక్తితో అడిగారు. బెసలయ్య నిజమే చెప్పాడు: "ఏమీ అన్లేదు పంతులుగారూ. చెయ్యి తీయమాక అన్నట్టనిపించింది, అంతే." అది పనివాడి నేర్పా, పరిశుద్ధాత్మ నడిపింపా అని తర్కించేవారు నేటికీ ఉన్నారు. బెసలయ్య మాత్రం ఆ రెంటి మధ్య గీత ఎన్నడూ గీయలేదు.

ఆ గుండును తాటి మొద్దుల మీద దొర్లించి, పల్లె అంతా మోకులు పట్టి పైకి లాగి మందిరం వాకిట ప్రతిష్ఠించారు. ఎండుమెట్ట పేరు పోయి చేతిబావి అయింది. వేసవి చివరి ఆదివారాన్ని అక్కడివారు తడికొంగు ఆదివారమంటారు. ఆ రోజు గంట మోగదు, పాట ఉండదు. ఒక్కొక్కరే వచ్చి గుండు మీద అరచేయి ఉంచి నిలబడతారు, పల్లెలోకెల్లా పెద్ద ముత్తవ్వ కొంగు పిండి చంటిబిడ్డల పెదవులు తడుపుతుంది. గుండు మీద ఉన్న నున్నటి గుంట బెసలయ్య చేతి గురుతని పిల్లలకు చెబుతారు గాని, ఏ మనిషి చేతికీ అంత వెడల్పుండదు. ఆయన తరువాత వచ్చి దేవుణ్ణి అడిగినవారందరి చేతులూ అందులో ఉన్నాయి.

చదువుకో కొలువుకో ఊరు విడిచే బిడ్డను సాగనంపేటప్పుడు చేతిబావిలో వెళ్ళిరమ్మని అనరు. గుండు దాకా వెంట వచ్చి, "చెయ్యి తీయమాక" అంటారు.