తాలింఖానాలో కారం దంచిన సూరీడమ్మ

చెప్పండి. కథ తరవాత, ముందు మీరు చెప్పండి. ఇవాళ పొద్దున్న మేడ మీద ఏం చూశారు? మీ మావయ్య ఇనుప కడ్డీ ఎత్తుతుంటే చూశారా? ఎత్తి, దించి, ఎత్తి, దించి, అద్దంలో కండలు చూసుకుని మళ్ళీ ఎత్తుతుంటే చూశారు కదా. కిందకి దిగొచ్చి కుర్చీలో కూలబడి, గుడ్లు ఉడికాయా అని కేకేస్తే విన్నారు కదా. అప్పుడీ బుల్లి ఏమడిగింది? అమ్మమ్మ నీళ్ళ బకెట్లు మోస్తుంది కదా మావయ్యా, అదీ ఎక్సర్‌సైజేనా అని అడిగింది. దానికి వాడు నవ్వాడు. పకపకా నవ్వాడు. ఆ మాటకి నవ్వినవాడిని నేను ఊరికే వదలను. వాడికి వినపడేలాగే చెప్తాను, ఆ తలుపు తీసే ఉంచండి. దుప్పటి కోసం కొట్టుకోకండి. ఊ కొట్టడం మానితే మాత్రం కథ అక్కడే ఆపేస్తాను.

అనగనగనగా ఒక ఊళ్ళో, ఊరి చివర, ఒక తాలింఖానా ఉండేది. తాలింఖానా అంటే మగవాళ్ళు లంగోటీలు బిగించి కుస్తీ పట్లు నేర్చుకునే చోటు. చుట్టూ మట్టి ప్రహరీ, మధ్యలో మెత్తటి ఎర్రమట్టి గోదా. ఆ ఊరి రాజుగారికి బలమైన మనుషులంటే మహా ఇష్టం. శత్రువు వస్తే కోట కాయాలి కదా మరి. అందుకని తన మందలోంచి పాడి ఆవుల్ని తాలింఖానాకి ఇచ్చేశాడు. రోజూ పొద్దున్నే ఆ పాలు పెద్ద గంగాళంలో పోసి, బెల్లం వేసి, మిరియాలు దంచి వేసి, వీధి వీధంతా ఘుమఘుమలాడేలా కాచేవారు.

అలాగని ఎవరికి పడితే వాళ్ళకి పోయరు. దానికో పద్ధతుంది. కుస్తీ నేర్పే గురువు, పైడయ్య వస్తాదు, గంగాళం పక్కన పీట వేసుకుని కూర్చుంటాడు. కసరత్తు చేసినవాడు వచ్చి తల వంచాలి. వస్తాదు అరచేత్తో వాడి నుదురు తుడుస్తాడు. చెయ్యి తడిసిందా, చెంబుడు పాలు. తడవలేదా, పో, ఇంకాసేపు గుంజీళ్ళు తీసి రా. బద్ధకస్తులు కొందరు నూతి నీళ్ళు మొహాన కొట్టుకుని వచ్చేవారు. పైడయ్యకి తెలీదా? తుడిచిన చెయ్యి నాలిక మీద పెట్టుకుని చూసేవాడు. ఉప్పగా లేకపోతే వీపు మీద ఒక్కటి వేసేవాడు. ఛీ అంటారేం? తన పని తను నిక్కచ్చిగా చేసుకునేవాడు ఛీ ఛా అనుకుంటాడా?

ఊ కొడుతున్నారా? సరే.

ఆ ఊళ్ళోనే సూరీడమ్మ అని ఒక కోడలు. ఆమె మొగుడు అప్పన్న తాలింఖానాలో పైడయ్య శిష్యుడు, పేరున్నవాడు, గోదాలో దిగితే ఎదురులేదు. అత్త గవరమ్మకి నోట్లో ఎదురులేదు. సూరీడమ్మ ఒళ్ళో పాలు తాగే పసిగుడ్డు. ఇక సూరీడమ్మ రోజు ఎలా గడిచేదో చెప్తాను, వింటేనే మీకు ఆయాసం వస్తుంది.

నుయ్యి తోడితే కడవ నిండేది. కడవ మోస్తే గోలెం నిండేది. గోలెం నిండితే గేదె తాగేది. గేదె తాగి, మేసి, పేడ వేసేది. పేడ తీస్తే పిడక అయ్యేది. పిడక మండితే కుండ ఉడికేది. కుండ ఉడికితే ఇల్లంతా తినేది. ఇల్లంతా తింటే గిన్నెలు పడేవి. గిన్నెలు తోమాలంటే నీళ్ళు కావాలి. నీళ్ళు కావాలంటే? చెప్పండి, చెప్పండి. ఆఁ, మళ్ళీ నుయ్యి తోడాలి.

సూరీడమ్మకి నడుం నొప్పి వచ్చింది. అత్తా, కాసేపు నడుం వాలుస్తాను అంది. గవరమ్మ ఒప్పుకోలేదు. ఇంటిపని ఆడదానికి కసరత్తు, చేసేకొద్దీ ఒళ్ళు గట్టిపడుతుంది, పడుకుంటే తుప్పు పడుతుంది, లే, చీపురు పట్టుకో అంది. సరేనని పట్టుకుంది. నాలుగు రోజులు పోయాక, అత్తా, ఒళ్ళు తూలుతోంది, గేదె పాలు ఒక గిన్నెడు నాకూ పొయ్యవా అంది. అప్పుడు గవరమ్మ ఏమంది? పాలు కసరత్తు చేసినవాళ్ళకి కదా, నువ్వేం కుస్తీ పట్టావని పాలు, గంజి తాగు అంది.

విన్నారా ఆ న్యాయం? పడుకుంటానంటే ఇంటిపని కసరత్తు అయిపోయింది. పాలడిగితే అదే ఇంటిపని కసరత్తు కాకుండా పోయింది. ఈ నాలిక మడతలు నేను ఆ గవరమ్మ ఒక్కదాని దగ్గరే విన్నాననుకుంటున్నారా? నేల గచ్చు తోమి తోమి నా మోకాళ్ళు అరిగిన కాలంలో పెద్దపెద్దవాళ్ళ నోటే విన్నాను. పోనీలెండి, కథలోకి రండి.

సూరీడమ్మకి తన ఆకలి పెద్ద లెక్క కాదు. ఆకలికి ఆమె ఎప్పుడో అలవాటు పడిపోయింది. కానీ పసిపిల్ల ఏడుపు మారింది. అంతకు ముందు ఆకలేస్తే గుక్కపట్టి ఏడ్చేది, రొమ్ము నోట్లో పెట్టగానే ఊరుకునేది. ఇప్పుడు రొమ్ము నోట్లో పెట్టాక ఏడుస్తోంది. లాగుతుంది, లాగుతుంది, ఏమీ రాక తల్లి మొహంలోకి చూసి ఏడుస్తుంది. పాలు తగ్గిపోతున్నాయి. ఆ రోజు సూరీడమ్మ ఇక ఆగలేదు. తింటే తిన్నాను, పస్తుంటే పస్తున్నాను, నా పిల్లకి పస్తేంటి అనుకుంది. చంకలో పిల్ల, నడుం మీద కడవ, తిన్నగా తాలింఖానా గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

మగాళ్ళంతా ఆగిపోయారు. అప్పన్నకి సిగ్గేసింది, స్తంభం చాటుకి తప్పుకున్నాడు. సూరీడమ్మ అతని వంక చూడనేలేదు. పైడయ్యని అడిగింది. వస్తాదుగారూ, ఏం ఎత్తితే కసరత్తు, గద ఎత్తితేనేనా అని అడిగింది. పైడయ్యకి ఆ ప్రశ్న ఎవరూ వేసి ఉండరు. గడ్డం గోక్కున్నాడు.

"బరువు బరువే తల్లీ. గదైనా రాయైనా ఒకటే. ఈ ప్రహరీ లోపల, నా కళ్ళ ముందు, చెమట పట్టేదాకా ఎత్తాలి. అంతకు మించి నా దగ్గర వేరే శాస్త్రం లేదు."

మాట అంత మంది ముందు అన్నాడు. వస్తాదు మాట అంటే గోడకి కొట్టిన మేకు, మళ్ళీ ఊడబెరకడం ఉండదు. సూరీడమ్మ దణ్ణం పెట్టి ఇంటికెళ్ళిపోయింది.

మర్నాడు ఏమైందంటే, అవి ఎండాకాలం రోజులు, ఏడాదికి సరిపడా కారం దంచుకునే రోజులు. గవరమ్మ గంపెడు ఎండు మిరపకాయలు ముందు పడేసి, పొద్దెక్కేలోగా దంచెయ్యమంది. సూరీడమ్మ అలాగే అత్తా అంది. పిల్లని వీపున కట్టుకుంది. పక్కింటి అమ్మలక్కల్ని ఇద్దర్ని సాయం పిలిచింది. రోలుని పక్కకి వంచి, దొర్లించుకుంటూ, దొర్లించుకుంటూ, వీధి దాటించి తాలింఖానాలో తెచ్చి నిలబెట్టింది. పిల్లని దూరంగా, ఘాటు గాలి తగలని వైపు, చెట్టు నీడన ఉయ్యాల కట్టి పడుకోబెట్టింది. కొంగు బిగించింది, మూతికి గుడ్డ కట్టింది, రోకలి ఎత్తింది.

దభీ. దభీ. దభీ.

మిరపకాయ పగిలింది. ఘాటు లేచింది. ఘాటు లేచి గోదా మీదకి వెళ్ళింది. గోదాలో పట్టు పట్టినవాడు తుమ్మాడు, తుమ్మితే పట్టు జారింది, పట్టు జారితే కిందవాడు పైకొచ్చాడు, పైకొచ్చినవాడూ తుమ్మాడు, ఇద్దరూ తుమ్ముకుంటూ చెరో మూలకి పరిగెత్తారు. సరిగ్గా అప్పుడే రాజుగారి పల్లకీ గుమ్మంలోకొచ్చింది. తాలింఖానా చూసి పోదామని వచ్చాడు పాపం. రాజు తుమ్మాడు. రాజు తుమ్మితే మంత్రి తుమ్మాడు. మంత్రి తుమ్మితే బోయీలు తుమ్మారు. బోయీలు తుమ్మితే పల్లకీ ఊగింది. పల్లకీ ఊగితే తలపాగా ఊడింది. ఊడి, దొర్లి, ఎర్రమట్టిలో పడింది.

నవ్వండి, నవ్వండి, ఇప్పుడు నవ్వొచ్చు.

మల్లులంతా రాజుగారి చుట్టూ మూగి మొర పెట్టుకున్నారు. ఇది కసరత్తు చేసే చోటా, వంటింటి వసారానా అన్నారు. రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ ఆ పని ఏదో త్వరగా ముగించి ఆవిడని పంపెయ్యండి అన్నాడు. అప్పన్నకి పరువు పోతున్నట్టనిపించింది. పెళ్ళాం చేతిలోంచి రోకలి లాక్కున్నాడు. రాజుగారు చూస్తున్నారు కదా, ఛాతీ విరుచుకుని మరీ దంచాడు. అబద్ధం చెప్పకూడదు, బాగానే దంచాడు. దంచగా దంచగా ఒళ్ళంతా చెమట. గంప ఖాళీ అయింది. రోకలి గోడకి ఆనించాడు. ఆనించి, ఏళ్ళ తరబడి అలవాటు కదా, తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి వస్తాదు ముందు తల వంచాడు.

వస్తాదుకీ అలవాటే. నుదురు తుడిచాడు, చెయ్యి తడిసింది, నాలిక మీద పెట్టుకున్నాడు. కారం. పైడయ్య పీట మీంచి గెంతాడు. నోరు పెగల్లేదు. పోయండి అని చేత్తో సైగ చేశాడు. చెంబుడు పాలు పోశారు. అప్పన్న గటగటా తాగేశాడు.

తాగేసి మూతి తుడుచుకున్నాడు. అప్పుడు సూరీడమ్మ ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు.

"రాజుగారూ, అదే రోలు. అదే రోకలి. అవే మిరపకాయలు. సగం గంప నేను దంచాను, సగం ఆయన దంచాడు. ఆయన నుదుటి మీదది చెమట, నా నుదుటి మీదది నీళ్ళా?"

 పైడయ్య లేచి వచ్చాడు. గోదాలో ఎంతమంది మొనగాళ్ళనో తయారుచేసిన ఆ ముసలాయన సూరీడమ్మ నుదురు తుడిచాడు. ఈసారి నాలిక మీద పెట్టుకోలేదు. తన చేత్తోనే చెంబు ముంచి ఇచ్చాడు. సూరీడమ్మ నిలబడి తాగింది. సగం తాగాక ఉయ్యాల వైపు చూసింది. మిగతా సగం కళ్ళు మూసుకుని తాగింది.

కథ అయిపోయిందనుకుంటున్నారా? లేదు. పాలు ఇప్పిస్తే న్యాయం అయిపోదు. వినండి.

రాజుగారికి హుషారొచ్చింది. ఓహో, ఇంటిపని కూడా కసరత్తేనన్నమాట, అయితే ఆడవాళ్ళంతా రేపట్నించి రెట్టింపు పని చెయ్యండి, రెట్టింపు పాలు తాగండి అని ఆజ్ఞ వేశాడు. మగాళ్ళంతా చప్పట్లు కొట్టారు. కొట్టరూ మరి? వాళ్ళ బట్టలూ వాళ్ళ గిన్నెలూ కూడా కసరత్తు కింద ఇటు తోసెయ్యొచ్చు కదా. సూరీడమ్మ ఖాళీ చెంబు కింద పెట్టింది. నాకు పాలు కావాలన్నాను గానీ ఇంకో రోలు కావాలన్లేదు అంది. కసరత్తు అయ్యాక మీ మనుషులు ఏం చేస్తారో చెప్పమని వస్తాదునే అడిగింది.

పైడయ్య నిజం చెప్పాడు. ఇసకలో పడుకుంటారమ్మా, నూనె రాయించుకుంటారు, పొద్దెక్కేదాకా లేవరు, లేవనివ్వను కూడా, పడుకోనివాడికి కండ పట్టదు, ఉన్న కండ కరిగిపోతుంది అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. మావాళ్ళు ముందుకి వంగితే వెనక్కీ వంగుతారు, మీ ఇంటిపనంతా ముందుకి వంగడమే, అందుకే ఆ నడుం నొప్పి అన్నాడు.

"అయితే వినండి," అంది సూరీడమ్మ. "కసరత్తుకి ఆపు ఉంది. మా పనికి ఆపు లేదు. ఆపు ఉన్న రోజు నా ఇంటిపనిని కసరత్తు అనండి, ఒప్పుకుంటాను. అందాకా ఆ పేరు పెట్టి నాతో ఇంకాస్త చాకిరీ చేయించకండి."

రాజుగారు ఆజ్ఞ వేసినంత తేలిగ్గానే వెనక్కి తీసుకున్నాడు, అది ఒక్కటీ మెచ్చుకోవాలి. పైడయ్య ఆ రోజే కొత్త పద్ధతి పెట్టాడు. ఇంట్లో అయినా గోదాలో అయినా చెమటోడ్చినవాళ్ళు పాలు తాగాలి, తాగి పడుకోవాలి. వాళ్ళు లేచేదాకా మిగిలిన పని, పడుకోనివాళ్ళది. అప్పన్న చేద పట్టుకున్నాడు. మొదట్లో సగం నీళ్ళు దారిలోనే ఒలికేవి, తరవాత కుదిరింది. సూరీడమ్మ మధ్యాహ్నంపూట పిల్లని పక్కలో వేసుకుని కాసేపు పడుకునేది, లేచి నడుం వెనక్కి వంచి, చేతులు చాచి, చెరువు గట్టు మీద నాలుగడుగులు ఊరికే నడిచేది. ఎవరి కోసమో కాదు, తన కోసం. పిల్ల బుగ్గలు బూరెల్లా పొంగాయి.

గవరమ్మో? ఆవిడా చెంబు పట్టుకుని పాలకొచ్చింది. పైడయ్య నుదురు తుడిచాడు. ఆయన చెయ్యి తడవలేదు, ఎండుటాకులా పొడిగానే ఉంది. గవరమ్మ నాలుగు తిట్లు తిట్టి విసవిసా ఇంటికెళ్ళి, కోడలు పడుకున్న వేళ తిరగలి ముందు కూర్చుని కందులు విసిరింది. తిట్టుకుంటూనే విసిరింది. కొన్నాళ్ళకి పట్టేసిన భుజాలు వదిలాయి, తలకి నూనె తనే రాసుకుంది. అప్పుడు తిట్లు తగ్గాయి. మానలేదు, తగ్గాయి. అందరూ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, చల్లగా ఉన్నారు.

అందుకే చెప్తున్నాను. ఒళ్ళు వంచిన ప్రతి పనీ కసరత్తే, ఎవరూ నవ్వక్కర్లేదు. కానీ తిండీ నిద్రా లేని కసరత్తు ఒంటిని పెంచదు, తినేస్తుంది. అంతే, కథ కంచి దారి పట్టింది, మీరు కలల దారి పట్టండి.

పడుకునే ముందు ఒక్కటి. మన ఇంట్లో రోజూ అందరికంటే ఆఖర్న కంచం ముందు కూర్చునేది ఎవరు, అప్పటికి గిన్నెలో ఏం మిగులుతోంది?