మీసానికి నాచు పట్టిన కొలను

చిత్రగిరి రాజు రణమార్తాండులవారు ఈతకని కొలనులో దూకి పైకి తేలేసరికి, మీసానికి మూరెడు నాచు వేలాడుతోంది.

గట్టు మీదున్న పరివారంలో ఒక్కరు నవ్వితే ఒట్టు. మంత్రిగారు మాత్రం నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నారు.

"ఇది కొలనా, తోటకూర పులుసా?" రాజు గర్జించాడు. "వారం తిరిగేసరికి మా బావమరుదులు జలక్రీడకు వస్తున్నారు. వాళ్ల ముందు నా పరువేం కావాలి?"

అందరి చూపులూ పైడమ్మ మీద పడ్డాయి. మూడు తరాలుగా ఆ కొలను పని ఆమె ఇంటివాళ్లదే. ఎనిమిది రోజులకోసారి తూము తెరిచి పాతనీళ్లు వదలడం, మెట్లు కొబ్బరిపీచుతో తోమి సున్నం పూయడం, కొత్తనీళ్లు నింపి పటిక కలపడం. నెల్లాళ్ల కిందటి వరకు అడుగున ఆవగింజ పడ్డా కనబడేది.

ఆ తర్వాతే రాజపురోహితుడు శేషావధానికి కొలను మీద ప్రేమ పుట్టింది. "మహారాజు మునిగే నీళ్లు మామూలు నీళ్లా!" అంటూ రోజూ బిందెడు పాలు, చెంబెడు తేనె, ఇంత గంధం గుమ్మరించి మంత్రాలు చదవడం మొదలెట్టాడు. చదివిన ప్రతిరోజూ రాజుగారి నుంచి ఒక శాలువా. పైగా తూముకి పసుపుతాడు కట్టించి, "ఇక ఇది తీర్థం. చుక్క పారబోసినా రాజ్యానికి అరిష్టం" అని చాటించాడు. అరిష్టం అనే మాట వింటే చాలు, రాజుగారికి చలిజ్వరం వస్తుంది.

"స్వామీ, పాలు విరిగి నీళ్లు చెడతాయండీ" అని పైడమ్మ అప్పుడే మొత్తుకుంది.

"నాకే చెబుతావా? వేదం చదివావా నువ్వు?"

"చదవలేదు స్వామీ. వాసన చూశాను."

ఆ మాట అవధాని కడుపులో అలాగే ఉండిపోయింది. ఇవాళ సందు దొరికింది.

"ప్రభూ, తీర్థంలో దోషం లేదు. ఉన్నదల్లా ఈవిడ ఒంట్లో బద్ధకం!"

రాజు తల ఊపాడు. "పైడమ్మా, మూడు రోజుల్లో నీళ్లు తేటపడాలి. లేదా ఈ పనీ లేదు, గట్టు పక్కన నీ ఇల్లూ లేదు. ఊరు విడిచి పో."

"ఒక్కసారి తూము తెరవనిస్తే..."

"తెరవకుండానే!"

పైడమ్మ పటిక మూట విప్పింది. రెండు రోజులు పటిక మీద పటిక అరగదీసి పోసింది. విరిగిన పాల ముందు దాని పప్పులేం ఉడకలేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే కొలనులో ఇంకో చెంబెడు నీళ్లు చేరడం తప్ప ఒరిగేదేముంది? ఏడుపు మానేసి కోపం తెచ్చుకుంది. కోపంతోపాటే ఒక ఆలోచనా వచ్చింది.

మూడోనాడు పొద్దున్నే తలస్నానం చేసి, వెండిగిన్నె నిండా కొలను నీళ్లు ముంచి, ఉద్ధరిణె వేసుకుని నిండు సభలోకి నడిచింది.

"మహాప్రభో! ఇంత తీర్థం మనమే దాచుకుంటే పాపం కదండీ. సభలో అందరికీ పంచుదామని తెచ్చాను."

ఆమె కంటే ముందు వాసన వచ్చింది. సేనాపతి స్తంభం చాటుకి జరిగాడు. మంత్రిగారికి ఈసారి నిజంగానే దగ్గొచ్చింది. రాజుగారు కుడిచేతిని మెల్లగా తొడకింద పెట్టుకున్నారు.

"నీళ్లకి ఇంత మహిమ తెచ్చినవారు అవధానిగారు. మొదటి ఉద్ధరిణె వారికే. ఏమంటారు ప్రభూ?"

"అవునవును, వారికే" అన్నాడు రాజు ఆత్రంగా.

అవధాని మొహం పాలిపోయింది. "ఇవాళ ఏకాదశి. నాకు ఉపవాసం."

"తీర్థం పుచ్చుకుంటే ఉపవాసం చెడదని ఊరందరికీ చెప్పేది తమరే కదండీ. చెయ్యి పట్టండి స్వామీ, మూడుసార్లు."

సభంతా చూస్తోంది. అవధాని అరచెయ్యి దొప్పలా ముడిచాడు. పైడమ్మ భక్తిగా పోసింది. ఆ పచ్చటి నీళ్లలో తోకున్న కప్పపిల్ల ఒకటి గిరికీలు కొట్టసాగింది.

"పుచ్చుకోండి అవధానీ! మీ తర్వాత మేం కూడా..." అని రాజు మాట మింగేశాడు.

అవధాని చెయ్యి నోటి దాకా వచ్చింది. కప్పపిల్ల ఎగిరి గడ్డం మీద పడింది.

"ఛీ ఛీ! ఇది తీర్థమేమిటి? వట్టి మురుగు!" అని అరుస్తూ చెయ్యి విదిలించేశాడు.

పైడమ్మ గిన్నె కింద పెట్టి, కొంగు నడుముకి బిగించింది.

"అయితే పారబోయొచ్చన్నమాట స్వామీ!"

ముందు నవ్వింది రాజే. తన వంతు తప్పిందన్న సంతోషం ఆ నవ్వులో సగం. దాంతో సభ మొత్తం గొల్లుమంది.

"తూము తెరవండి!" అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ. "మెట్ల నాచు అవధానిగారు తోముతారు. కావాలంటే మంత్రాలు చదువుకుంటూ తోమమనండి. పైడమ్మా, ఆ ఇల్లూ ఈ కొలనూ నీ వంశానికే రాసిస్తున్నాం. ఇంకేం కావాలో అడుగు."

"ఒక్కటే ప్రభూ. ఇకమీదట కొలనులో దిగేవారెవరైనా ముందు బావి దగ్గర కుంకుడుకాయతో ఒంటి నూనె వదిలించుకోవాలి."

"ఎవరైనా అంటే? మేము కూడానా?"

"నీళ్లకి కిరీటం కనబడదండీ. నూనే కనబడుతుంది."

రాజు ఒక్క క్షణం మీసం దువ్వుకుని, పకపకా నవ్వి, చేతి కంకణం తీసి పైడమ్మ చేతిలో పెట్టాడు.

"ఎవరక్కడ? మాకు కుంకుళ్లు నానబెట్టండి!"