అవతలి గట్టు రంకె

గోదారి రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసే చోట ఒక లంక ఉంది. వరదలకు భయపడి మనుషులు ఎప్పుడో వదిలేసి పోయారు, జంతువులు మిగిలాయి. లంక చిన్నదే గానీ గొప్పలు చిన్నవి కావు. ఒకప్పుడు ఈ ఏరు పొడుగునా మా తాతల మాటే చెల్లేదని అక్కడ కోడిపిల్ల కూడా చెబుతుంది. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే బాపతు.

పడమటి గట్టున పెద్ద అడవి, అది అడవిదున్నలది. ఆ దున్నలూ లంక ఎద్దులూ ఒకే తల్లి సంతతి అని అటువాళ్ళూ ఇటువాళ్ళూ చెప్పుకుంటారు. తూర్పు గట్టున ఇసుకదిబ్బల వెనక దుమ్ములగొండులు. మనిషి నవ్వినట్టు కూస్తాయే, అవే. తూర్పు పాయ ఎండిందంటే వాటికి లంకలోకి నడకదారి పడినట్టే. ఒకసారి అలాగే వచ్చి మీద పడితే, పడమటి దున్నలు ఏరు ఈదుకొచ్చి కొమ్ములతో కుమ్మి తరిమేశాయి. అప్పటి నించి ఒక ఆచారం నిలిచింది. పొద్దు వాలగానే లంక పెద్దెద్దు పడమటి రేవులో నిలబడి ఒక రంకె వేస్తుంది. అవతల నించి ఇంకో రంకె బదులొస్తుంది. ఉన్నారా అంటే ఉన్నాం అని. అది విన్నాక గానీ లంకలో ఎవరికీ కునుకు పట్టదు.

ఇప్పుడు ఆ రంకె కోటిలింగానిది. ముసలి ఎద్దు, నెమ్మదస్తుడు. తండ్రి పోయాక ఒక్క సాయంత్రం కూడా ఆ పని తప్పలేదు.

ఆ ఏడు అవతల కొత్త దున్నరాజు వచ్చాడు. ఆయన కబుర్లు కాకి మోసుకొచ్చేది. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట. నచ్చనివాడిని అడవిలోంచి గెంటేస్తాడు. అద్దం లేదు కాబట్టి మడుగులో చూసుకుని తన కొమ్ముల్ని తనే మెచ్చుకుంటాడు. లంకలో ఆయన మీద నవ్వని జీవం లేదు. బాతులు ఆయన నడక నడిచి చూపించేవి, గొర్రెలు పొట్టలు పట్టుకునేవి.

వానలు సరిగా పడక ఆ మాఘంలోనే తూర్పు పాయ సన్నబడింది. మేక నాంచారమ్మ కొత్తగా ఈనింది, రెండు పిల్లలు. ఒడ్డున ఎండిన ఇసుక చూసింది. తిన్నగా కోటిలింగం దగ్గరికి వచ్చింది.

"లింగం బాబాయ్, తూర్పు ఒడ్డంతా తుమ్మకంప కొట్టి కోట కడదాం. అందరూ చెయ్యేస్తే అయిపోతుంది."

నక్క గవర్రాజు అక్కడే ఉన్నాడు. లంకకు మంత్రినని తనకు తనే చెప్పుకుంటాడు. "కంప ఎందుకే పిచ్చిదానా? పడమటి మామయ్య, ఆ దున్నరాజు ఉండగా."

"ఆ మామయ్యని నమ్ముకునేనా?"

"సరే, గీత గీయండి. లంక ఏమంటుందో చూద్దాం," అన్నాడు గవర్రాజు.

లంకలో పెద్ద మాట తేలాలంటే గీతే. ఎద్దు తడి ఇసుకలో కొమ్ముతో గీత గీస్తుంది. ఔననేవాళ్ళు అటు, కాదనేవాళ్ళు ఇటు. మాట అక్కర్లేదు, అడుగు పడితే చాలు.

"కొత్త దున్నరాజు మంచివాడేనా?" అని అడిగాడు కోటిలింగం. జనమంతా కాదనే వైపే తొక్కారు. ఔననే వైపు ఒక్క గవర్రాజు పంజా తప్ప ఇసుక నున్నగా ఉంది.

పక్కనే ఇంకో గీత గీశాడు. "దుమ్ములగొండులు వస్తే ఆయన వస్తాడా?"

అదే జనం, అవే కాళ్ళు, ఔననే వైపు గుమిగూడారు. నాంచారమ్మ ఒక్కతే ఇవతల నిలబడింది.

"మంచివాడు కాదన్నారు కదర్రా ఇప్పుడే. మళ్ళీ వస్తాడంటారేంటి?"

"వాడి బుద్ధి వేరు, బంధుత్వం వేరు," అంది ముసలి గొర్రె.

"రోజూ రంకెకు బదులొస్తోందా లేదా?" అన్నాడు గవర్రాజు. "పిలిస్తే పలికేవాడు ఉన్నాడు. ఇంకేం కావాలి నీకు?"

అంతే, కంప మాట అక్కడితో పోయింది. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడం మనవాళ్ళకి కొత్త కాదుగా.

ఆ సాయంత్రం ఏటి మీద మంచు దిగింది. కోటిలింగానికి రెండురోజులుగా రొంప. రేవులో నిలబడి రంకె వేశాడు, చివర దగ్గొచ్చింది, ఆగలేదు.

మంచులోంచి బదులొచ్చింది. ముందు రంకె. తరవాత దగ్గు.

కోటిలింగం చెవులు నిలబడ్డాయి. అవతలి దున్నకీ రొంప చేసి ఉంటుందిలే అనుకున్నాడు. కానీ ఆ దగ్గు చివర చిన్న ఈల ఉంది. ఆ ఈల తన ముక్కుదే. వెనక్కి చూశాడు, రేవులో ఎవరూ లేరు. మెల్లగా అడిగాడు.

"ఎవరక్కడ?"

"ఎవరక్కడ?" అంది అవతలి గట్టు.

ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది. ఆలోచిస్తే తెలిసింది. పోయిన తండ్రి గొంతులా ఉంది. ముసలితనంలో తన గొంతు తండ్రి గొంతు అయిపోయిందని ఆ ఎద్దుకు ఎవరు చెబుతారు? నోట్లోంచి తెలియకుండానే వచ్చేసింది.

"నాన్నా."

"నాన్నా," అని మంచులోంచి ఎవరో అతణ్ణే పిలిచారు.

ఆ తరవాత కోటిలింగం నిలబడలేదు. తడబడుతూ పాకకు వచ్చి, గడ్డి కూడా ముట్టకుండా పడుకున్నాడు. ఎంత భయపడ్డాడో నేను చెప్పలేను.

తెల్లవారుతూనే నాంచారమ్మకు అంతా చెప్పాడు. నాంచారమ్మ భయపడలేదు. "చూసొద్దాం పద బాబాయ్," అని వీపెక్కి కూర్చుంది. పడమటి పాయలో నీళ్ళు పొట్ట దాకా ఉన్నాయి. మంచులో దారి తెలియక, నీళ్ళ చప్పుడు పట్టుకుని నడిచారు. నడుస్తుంటే ఎదటి నించి కూడా ఎవరో నీళ్ళలో నడిచొస్తున్నట్టు వినబడింది. వీళ్ళు ఆగితే అదీ ఆగింది.

గట్టు చేరేసరికి మంచు కాస్త వీడింది. గట్టు మీద ఉండాల్సిన మద్దిచెట్లు లేవు. వాటి చోట బండలు పేర్చిన గోడ, అటూ ఇటూ కనుచూపు మేర ఉంది. లంక నించి చూస్తే అది చెట్ల నీడలాగే నల్లగా కనబడేది. దాని పాదాన దున్నల పాత అడుగులు ఎండి గట్టిపడ్డాయి. వాటిలో గడ్డి మొలిచి, కంకి కూడా వేసింది.

కోటిలింగం ముక్కు గోడ దగ్గర పెట్టాడు. తన ఊపిరి తనకే వెనక్కి వచ్చింది.

"చెట్లున్నప్పుడు మన కేక ఆకుల్లో కలిసిపోయేది. బదులు దున్నలే ఇచ్చేవి," అంది నాంచారమ్మ. "ఇప్పుడు బండకు కొట్టుకుని మన గొంతే మనకొస్తోంది. ఇక్కడికి ఎవరూ వచ్చి చాలా కాలమైంది బాబాయ్."

"మా నాన్న కూడా గోడకేనా అరిచింది?"

"కాదు. అప్పుడు వాళ్ళు వచ్చారు, ప్రాణాలిచ్చారు. అది అబద్ధం కాదు. కానీ అప్పటి మాట అప్పటిది."

ముసలి ఎద్దు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. సిగ్గుపడలేదు, తుడుచుకోలేదు.

తిరిగొచ్చి గోడ సంగతి చెబితే ఎవరూ నమ్మలేదు. "పెద్దాయనకు చెవుడొచ్చింది," అన్నాడు గవర్రాజు. ఎద్దూ మేకా ఇద్దరే పొద్దంతా కంప ఈడ్చారు. మూతులు గీరుకుపోయాయి. బాతులు ఒడ్డున కూర్చుని చూశాయి. ఒడ్డు పొడుగు ముందు ఆ కంప ఏ మూలకు?

పొద్దు వాలింది. మళ్ళీ మంచు. ఆ మంచులో తూర్పు వైపు ఎవరో నవ్వారు. ఇంకో పక్క ఇంకెవరో నవ్వారు. తరవాత నవ్వులు దగ్గరికొచ్చాయి.

లంక మొత్తం పడమటి రేవుకు పరిగెత్తింది. "మామయ్యా" అంటూ అందరికన్నా ముందు గవర్రాజు ఏట్లో దూకి గోడ వైపు ఈదుకుంటూ పోయాడు. నాంచారమ్మ పిల్లల్ని పొట్ట కింద దాచుకుంది.

"అమ్మాయీ," అన్నాడు కోటిలింగం దాని చెవిలో, "వీళ్ళనిక్కడే పట్టుకుని ఉంచు. నేను రంకె వేయగానే అందరూ గోడ వైపు తిరిగి గొంతు చించుకోవాలి. ఆ వెంటనే నీళ్ళలో దిగి తొక్కాలి. మందలు ఏరు దాటుతున్నట్టు ఉండాలి."

"గోడతోనా బాబాయ్ యుద్ధం?"

"ఉన్న చుట్టం అదొక్కటేగా."

అని, ఒక్కడే తూర్పు ఒడ్డుకు నడిచాడు. మంచులో పచ్చటి కళ్ళు కనబడ్డాయి. ఒళ్ళు కనబడలేదు.

"ఒక్కడివే వచ్చావేం కోటిలింగం?" అంది ఒక గొంతు, ఎంతో మర్యాదగా.

"ఒక్కణ్ణని ఎవరన్నారు?"

"మీ దున్న గోడ కట్టుకుని కూర్చున్నాడటగా. నీ కోసం దిగొస్తాడా?"

"పిలవమంటావా?"

నవ్వులు ఆగాయి. "పిలువు, చూద్దాం."

కోటిలింగం తల తిప్పి, ఊపిరి నిండా పీల్చి, రంకె వేశాడు. రేవులో లంక మొత్తం గొంతెత్తింది. ఆ గోలంతా ఏటి మీదుగా పోయి గోడకు తగిలి, ఆ మంచులో పదింతలై తిరిగొచ్చింది. వెనకే నీళ్ళు బద్దలవుతున్న చప్పుడు, ఇటు నించి ఒకటి, అటు నించి ఒకటి. అరిచినవాళ్ళకే గుండెలు ఝల్లుమన్నాయి. తమవి కాని గొంతులు కూడా అందులో ఉన్నాయని తరవాత కొందరు ప్రమాణం చేసి చెప్పారు.

పచ్చటి కళ్ళు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఇసుకలో పరుగు చప్పుడు దూరమైంది. మిగిలిన కాస్త చప్పుడు కోటిలింగం దగ్గుదే.

మర్నాడు మంచు తేలిపోయాక గవర్రాజు గోడ పాదాన దొరికాడు. గొంతు పోయింది. తలుపు తీయండి, తలుపు తీయండి అని అరిచాడట. గోడ కూడా అతణ్ణి తలుపు తీయండి, తలుపు తీయండి అనే అడిగిందట. ఆ మాట చెప్పడానికి కూడా సైగలే చేశాడు పాపం.

అందరూ ఊపిరి పీల్చుకుంటుండగా కాకి వచ్చి వాలింది.

"లంకవాసులారా, నిన్న మా రాజుగారు స్వయంగా గోడ దగ్గరికి వచ్చి రంకె వేశారు. దుమ్ములగొండులు పారిపోయాయి. ఆ మేలుకు ఏటా మీ పచ్చగడ్డిలో సగం పంపమన్నారు."

సొమ్మొకడిది, సోకొకడిది. విచిత్రమేమంటే, తమ గొంతులు ఇంకా బొంగురుగా ఉండగానే గొర్రెలు తలలూపడం మొదలుపెట్టాయి.

"చూశావా, వచ్చాడు," అంది ముసలి గొర్రె. "నే చెప్పలా, ఎంతైనా మనవాడే." బాతులు ఔనన్నాయి. నాంచారమ్మ పిల్లల వైపు చూసింది. సగం గడ్డి పోతే వేసవికి దాని పాలు ఎండిపోతాయి, పిల్లలు దక్కరు.

కోటిలింగం నెమ్మదిగా లేచాడు.

"నిజమే, విన్నాం. గొప్ప రంకె. ఒక్కటే బెంగగా ఉంది, అడగనా? రంకె చివర దగ్గు వినబడింది. మీ రాజుగారికి దగ్గు తగ్గిందా?"

కాకి తడుముకోలేదు. "ఆ, తగ్గింది. పొద్దున్నే కషాయం తాగారు."

"ఈల వేసినట్టు దగ్గారే?"

"అదే, ఆ ఈల దగ్గే. చిన్నప్పటి నించీ ఉంది ఆయనకి."

"అలాగా," అని కోటిలింగం రేవులోకి దిగి, గోడ వైపు తిరిగి, ఒక్కసారి దగ్గాడు.

పట్టపగలు, మంచు లేదు, అవతల ఖాళీ గట్టు అందరికీ కనిపిస్తోంది. ఆ ఖాళీ గట్టు ఈల వేస్తూ దగ్గింది.

గొర్రెలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. కాకి ఎప్పుడు ఎగిరిపోయిందో కూడా ఎవరూ గమనించలేదు. ముందుగా కదిలింది ముసలి గొర్రే. తూర్పు ఒడ్డుకు పోయి, ఒక తుమ్మకొమ్మ నోట కరచుకుని ఈడవడం మొదలుపెట్టింది.

కంపకోట లేచింది. కోటిలింగం ఇప్పటికీ పొద్దు వాలగానే రేవుకు వెళ్తాడు. పాత దున్నల రుణం మీద గౌరవం కొద్దీ ఒక రంకె వేస్తాడు. బదులొస్తుంది. ఆ బదులు వింటూ, ముందు కంప ఒకసారి చూసుకుని, ఆ తరవాతే పడుకుంటాడు.

పిలుపుకు బదులొచ్చిందని ధీమా పడకు, ఆ గొంతు ఎవరిదో ముందు చూసుకో.