ఒంటిచేతి దణ్ణం

మా కూర్మయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడికే ఇంకో చిన్న ప్రశ్న వేసి, వాడు తల గోక్కుంటూ ఉండగా తాను లేచి పెరట్లోకి వెళ్లిపోయేవారు. పట్నం నుంచి వచ్చిన పెద్దమనుషులు కొందరు దీనికి నొచ్చుకునేవారు. ఇంత దూరం వస్తే శాస్త్రం ఒక్క ముక్క చెప్పలేదని, పైగా చిక్కుడు పాదుకు నీళ్ళు పోయించారని పోతూ పోతూ నా దగ్గర వాపోయేవారు. మఠంలో వంట నాది. వచ్చినవాళ్ళ కష్టసుఖాలన్నీ చివరికి చేరేది నా పొయ్యి దగ్గరికే. పాదు కాసిందో లేదో చూడ్డానికైనా మళ్ళీ రండి బాబూ అని సాగనంపేదాన్ని.

దాలినాయుడు పట్నంవాడు కాదు, మా వైపువాడే. చిన్నప్పుడే తల్లి పోతే పిన్ని సన్యాసమ్మ పెంచింది. తనకు పిల్లలు లేరు, వీడే ఆమె లోకం. పెద్దవాడై పికప్ బండి కొనుక్కుని కొండమీద ఊళ్ళో కాపురం పెట్టాడు. పొద్దున్నే అల్లం, చింతపండు కిందికి దించేవాడు, సాయంత్రం కొండమీది కొట్లకు ఉప్పూ పప్పూ సిమెంటూ ఎక్కించుకుపోయేవాడు. ఆ ఏడు శ్రావణంలో మా గురువుగారి దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. తాగుడు మానేశాడు, మంచిదే. మెడలో తులసిపూసలు వేసుకున్నాడు, అదీ మంచిదే. ఆ తర్వాత కనిపించినవాడికల్లా మంచి చెప్పడం మొదలుపెట్టాడు, తంటా అక్కడ వచ్చింది. ఒకనాడు నా పొయ్యి దగ్గరికి కూడా వచ్చి ఉల్లిపాయ తామసమని చెప్పాడు. ఆ పూట వాడొక్కడికే ఉల్లి లేని పులుసు పోశాను. మొహం చిట్లించుకుని తాగాడు కానీ, మాట వెనక్కి తీసుకోలేదు.

కార్తీకం వచ్చేసరికి బండిని కూడా ఎత్తు చేయించాడు. కొండదారిలో రాళ్ళు బండి కడుపుకు తగులుతున్నాయని చక్రాల మీది ఇనప కమానుల్లో అదనంగా పట్టీలు వేయించి, పెద్ద టైర్లు ఎక్కించాడు. ముందువైపు మరీ ఎక్కువ లేపించాడేమో, బండి కోడిపుంజు మెడ ఎత్తినట్టు నిలబడేది. మెకానిక్కు అప్పుడే చెప్పాడట, ఎత్తు మారింది కాబట్టి దీపాల చూపు కూడా సరిచెయ్యాలి, చీకటి పడే వేళకు తీసుకురా అని. వీడు నవ్వేశాడట. దీపాలకేం రోగం, మునుపటికన్నా దూరం కొడుతున్నాయి కదా అన్నాడట. ఈ సంగతి వాడే నాకు గొప్పగా చెప్పాడు. నేనూ గొప్పే అనుకున్నాను, నాకేం తెలుసు.

అది జరిగిన నెల్లాళ్ళకు ఒక మధ్యాహ్నం వచ్చి, గురువుగారి ఎదుట కూర్చుని అడిగాడు.

"గురువుగారూ, దారి పొడుగునా జనం నాకు దణ్ణం పెడుతున్నారు. కానీ ఒక్కరూ దగ్గరికి రావడం లేదు. ఎందుకంటారు?"

అడగడంలో సగం దిగులు ఉంది, సగం ఉబ్బు ఉంది. దిగులు ఎందుకో తర్వాత చెప్పాడు. మునుపు సాయంత్రం బండి వచ్చే వేళకు సన్యాసమ్మ దారిలో తన ఊరి దగ్గర రోడ్డు నడుమ చెంబు పట్టుకుని నిలబడేది. వీడు ఆపి చోడి అంబలి తాగితే తప్ప దారి వదిలేది కాదు. మా వైపు రాగుల్ని చోళ్ళంటాం. ఇప్పుడు ఆ పిన్ని కూడా బండిని చూడగానే పక్కకు తప్పుకుని దణ్ణం పెడుతోందట. పెంచిన తల్లి చేత దణ్ణం పెట్టించుకుంటే పాపం కదా అని, వీడు ఆగకుండా తల తిప్పుకుని పోతున్నాడట. పొద్దున దిగేటప్పుడు ఆమె చేలో ఉంటుంది. నెల రోజులుగా ఆమెతో మాటే లేదు. మనిషి ఎదిగితే ఇంతేనేమో, అయినవాళ్ళు దూరమవుతారేమో అన్నాడు. పిన్ని ఒక్కర్తీ మళ్ళీ దగ్గరికి వస్తే తనకు ఇంకేమీ వద్దన్నాడు. అంతవరకూ వాడి మీద చిరాకుగానే ఉన్నదాన్ని, అప్పుడు జాలేసింది.

గురువుగారు వాడి మొహంలోకి చూశారు. తర్వాత అడిగారు.

"దణ్ణం ఒక చేత్తోనా నాయుడూ, రెండు చేతులతోనా?"

వాడు తడుముకున్నాడు. ఒక చేత్తోనే, నుదుటి దగ్గర పెట్టుకుంటున్నారు అన్నాడు. రెండో చేతిలో చీపురో చేటో ఉంటుంది కదా అని తనే సర్ది చెప్పుకున్నాడు. గురువుగారు అవునూ కాదూ అనకుండా లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. సాయంత్రం తానూ బండిలో వస్తానని, మీ పిన్నిని చూసి చాలా రోజులైందని అక్కడి నుంచే చెప్పారు.

పొద్దు గూట్లో పడ్డాక దాలినాయుడు సరుకు నింపుకుని మఠం ముందు బండి ఆపాడు. గురువుగారు ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు. నేనూ వస్తానన్నాను, సన్యాసమ్మ నాకు పాత స్నేహితురాలు. బస్తాల మీద కూర్చోమన్నారు నన్ను. దీపాలు వేసి, ఇంజను ఆపకుండా దిగమని నాయుడితో చెప్పారు. వాకిలి చివర దాకా నడిచి వెళ్లి ఇటు తిరిగి నిలబడమన్నారు. వాడు ఎందుకని అడగకుండా వెళ్ళాడు. అంతవరకు మెచ్చుకోవాలి వాడిని.

వెళ్లి తిరిగాడు. తిరిగీ తిరగగానే వాడి కుడిచెయ్యి తనంతట తాను లేచి నుదుటికి అడ్డం వచ్చింది. కళ్ళు చికిలించి, మెడ పక్కకు వాల్చి, ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను బస్తాల మీద నుంచి చూస్తున్నాను. నిలువెత్తు మనిషి ఆ వెలుగులో చిన్నబోయి నిలబడ్డాడు.

"ఎవరికి నాయుడూ దణ్ణం?" అన్నారు గురువుగారు లోపలి నుంచి.

మాట వచ్చిన వైపు మొహం తిప్పాడు కానీ, అక్కడ మనిషి ఉన్నట్టు వాడికి తెలియడం లేదని చూపును బట్టే తెలిసిపోతోంది. బండి కనిపించడం లేదు, గురువు కనిపించడం లేదు, రెండు మంటలు తప్ప వాడి ఎదుట ఏమీ లేదు. చెయ్యి దించుదామని చూశాడు, దించలేకపోయాడు. వేదాంతం వినీ వినీ చెవులు పండిపోయినదాన్ని, ఒక మనిషికి తెలివి రావడం కళ్ళారా చూడ్డం మాత్రం అదే మొదటిసారి.

ఆ తర్వాత వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. బండి వాడిది, పని వాడికి తెలుసు. మఠం ప్రహరీకి సున్నం కొత్తగా వేసి ఉంది. నేల చదునుగా ఉన్నచోట బండిని ఆ గోడకు దగ్గరగా తెచ్చి, ఒక్కో దీపం నడిబొడ్డు ఎంత ఎత్తులో ఉందో బొగ్గుతో గోడమీద గీత గీశాడు. తర్వాత తిన్నగా వెనక్కి నడిపి వాకిలి చివర ఆపాడు. చూద్దుము కదా, వెలుగు పై అంచు గీతల మీద కాదు, గోడ మీదే లేదు. గోడ దాటి, అవతల మామిడి కొమ్మల్లోకి పోతోంది. గూళ్ళకు చేరిన కొంగలు నిద్ర చెడి గోల పెడుతున్నాయి. నెల్లాళ్ళుగా ఈ బండి దారి పొడుగునా చెట్ల చిటారుకొమ్మలు చూసుకుంటూ తిరిగిందన్నమాట.

నేను దిగబోతే గురువుగారు వద్దన్నారు. బరువు రోజూ ఉన్నట్టే ఉండాలి, వెనక బరువు తగ్గితే ముందు చూపు మారిపోతుంది, పారమ్మా నువ్వు ఒక సిమెంటు బస్తాతో సమానం, కదలకు అన్నారు. సన్యాసాశ్రమంలో ఉన్నా ఆ నోరు ఆగదు. దాలినాయుడు ఒక దీపానికి గోనెసంచి కప్పి, రెండో దాని వెనక మరను కొంచెం కొంచెంగా తిప్పాడు. వెలుగు కొమ్మల్లోంచి దిగింది, గోడ మీద పడింది, బొగ్గు గీత దాకా వచ్చింది. వాడు అక్కడ ఆపబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో, గీతకు అరచెయ్యి వెడల్పున కిందికి దించి అప్పుడు చెయ్యి తీశాడు. రెండో దీపానికీ అంతే. కొంగలు సద్దుమణిగాయి.

బయల్దేరాం. ఎక్కేదారిలో మొదటి మలుపు తిరగగానే బండి నడక మందగించింది. నేను బస్తాల మీద లేచి నిలబడి కాబిన్ మీదుగా చూశాను. ఏం చెప్పను, రోడ్డు కనిపిస్తోంది. తారు మీద ఒక్కొక్క గులకరాయీ తన నీడతో సహా కనిపిస్తోంది. పక్కన ఎండుగడ్డి, గడ్డిమీద అప్పుడే పడుతున్న మంచు, దాటిపోతున్న ఒక కప్ప. రోజూ ఉండేవే అవన్నీ. ఎవరో ఆ చీకట్లో ఒక్కొక్కదాన్నీ చేత్తో తాకి చూపిస్తున్నట్టు వచ్చాయి కళ్ళ ముందుకు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి.

సన్యాసమ్మ ఊరు దగ్గరపడింది. కోతలైపోయిన రోజులవి. మా కొండమొదలు ఊళ్ళలో చోడి వెన్నుల్ని తారురోడ్డు మీదే పరుస్తారు. పోయే బళ్ళు తొక్కితే గింజ రాలుతుంది, నూర్చే పని తప్పుతుంది. అందుకే మాకు పగలు బండి వస్తే సంబరం. పరిచిన చోటికి అంచుగా రాళ్ళు పేరుస్తారు. పొద్దుపోయాక, మంచు పడకముందే ఆడవాళ్ళు రోడ్డు మీద కూర్చుని గింజలు ఊడ్చి కుప్ప చేసుకుంటారు.

ఆ రాళ్ళు దూరం నుంచే కనిపించాయి. దాలినాయుడు బండి ఆపేశాడు. దిగి ముందుకు నడిచాడు. వెనకాలే మేమూ దిగాం. నెల రోజులుగా ఇక్కడికి రాగానే చక్రం ఎగిరిపడుతోందని, గోతులనుకున్నానని మెల్లగా అన్నాడు. గోతులు లేవు. పేర్చిన రాళ్ళలో కొన్ని చెదిరి ఉన్నాయి, వాటి మీదుగా పెద్ద టైరు గీత ఒకటి గింజల అంచు దాకా వచ్చి పక్కకు పోయింది. గీతకు మూరెడు ఇవతల ఒక ముక్కాలి పీట ఉంది. పీట మీద సన్యాసమ్మ కూర్చుని ఊడుస్తోంది. ఆమె లేవలేదు, తప్పుకోలేదు, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వెలుగు ఆమె చీపురు మీద, గింజల మీద, పాదాల మీద పడుతోంది. దాలినాయుడు ఆ గీతను చూశాడు, పీటను చూశాడు.

సన్యాసమ్మ తలెత్తి, వచ్చేవాడి నడకను బట్టి పోల్చుకుంది.

"ఒరే దాలీ, నువ్వట్రా? నెల్లాళ్ళ నుంచి ఏమైపోనావురా? ఎవుడో కొత్త బండోడు రోజూ కళ్ళల్లో కారం కొట్టినట్టు దీపాలేసుకుని పోతన్నాడు. ఆడికి అడ్డం తప్పుకుని, ఆడెనకాల నీ బండి వస్తాదేమోనని చూస్తన్నాను."

ఆమె చీపురు కింద పెట్టి లేచి దగ్గరికి వచ్చింది. వాడి గడ్డం పట్టుకుని చూసింది. ఉపదేశం పుచ్చుకున్నావు కదా, ఇక మా ఇంటి అంబలి నీకు పడదేమో అనుకున్నానని, అయినా రోజూ చెంబు నింపుతూనే ఉన్నానని, పొద్దున్నే కుక్కకు పోస్తున్నానని చెప్పింది. నిష్ఠూరం ఏమీ లేదు ఆ గొంతులో, వంట ఏం చేశావంటే చెప్పినట్టు చెప్పింది. వాడు ఆ కొత్త బండోడు తానేనని అప్పుడు చెప్పాడు. ఆమెకు మొదట అర్థం కాలేదు. బండి వైపు చూసింది, వాడి వైపు చూసింది, టైరు గీత వైపు చూసింది. పోనీలేరా, చూశావు కదా అంది. అని లోపలికి వెళ్లి చెంబు తెచ్చింది. వాడు రోడ్డు మీదే గొంతుకూర్చుని తాగాడు. అంబలిలో ఉల్లిపాయ ముక్కలు ఉన్నాయి. నేను చూస్తూ ఊరుకున్నాను.

గురువుగారు ఈ సేపంతా రోడ్డు పక్కన నిలబడి, పరుచుకున్న వెలుగునే చూస్తున్నారు. పండుగనాడు దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నారు. దాలినాయుడు మూతి తుడుచుకుని ఆయన దగ్గరికి వచ్చాడు. తలవంచుకుని, ఇక మీదట నేను ఎవరికీ ఏమీ చెప్పకూడదా గురువుగారూ అని అడిగాడు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

గురువుగారు రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"దీపాలు ఆర్పేశామా నాయుడూ? దించాం. వెలుతురేమైనా తగ్గిందేమో, నువ్వే చూసి చెప్పు."