మెతుకులతో అంటించిన స్టాంపులు

ఆ ఆదివారం ఫణికుమార్‌కి మనసు బాగోలేదు. వరసగా రెండు సమావేశాలకి కాంతామణి గారు రాలేదు. దానికి కారణం తనేనని మేమంతా అనుకుంటున్నట్టు అతనికి తెలుసు. ఏం తప్పు చేశాడో మాత్రం అతనికి అంతుపట్టలేదు.

మా స్టాంపుల క్లబ్బు కాకినాడలో ఒక కుట్టుమిషన్ల షాపు మీది గదిలో నడుస్తుంది. నెలకి రెండు ఆదివారాలు, పొద్దున్న పదింటికి. పట్టుమని పదిమంది ఉండం. టీ సంగతి నాది కాబట్టి ఎవరేం మాట్లాడుకున్నా నా చెవిన పడకుండా పోదు.

మాకు పెద్ద దిక్కు మస్తాన్ గారు. రైలు తపాలాలో ఏ ఊరి ఉత్తరాలు ఆ ఊరి సంచిలో వేసే పని ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. అందరం గురువుగారూ అనే పిలుస్తాం. ఫణి ఆయన శిష్యుడు. పాలిటెక్నిక్‌లో కెమిస్ట్రీ ల్యాబు చూస్తాడు. మనిషి బంగారం, కాదనను. కానీ చేతిలో స్టాంపు పడితే డాక్టరైపోతాడు. "ఇక్కడ పల్చబడిందండీ. ఈ మూల అంచుకి పన్ను విరిగింది. వెనక బంక మీద వేలిముద్ర ఉంది, ఇంక దీనికి విలువ లేదు." మనం పదేళ్ళుగా మురిసిపోతున్న స్టాంపుని పట్టకారుతో అలా ఎత్తి ఇలా దించేస్తాడు. నాకు ఒళ్ళు మండేది. గురువుగారు నవ్వి ఊరుకునేవారు.

కాంతామణి గారు మాలో చేరి ఏడాది కాలేదు. నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. భర్త ఓడలో వంటమనిషి, పోయి మూడేళ్ళయింది. ఆయన ఏ రేవులో దిగితే ఆ దేశం స్టాంపులు పట్టుకొచ్చేవారట. వాటిని ఒక పాత నోటుబుక్కులో పెట్టి ఆవిడ మాకు చూపించడానికి తెచ్చారు. మొదటి పేజీ తిప్పగానే మేమంతా బల్ల మీదికి వంగాం. అరవై నాలుగు స్టాంపులూ అన్నం మెతుకులతో అంటించి ఉన్నాయి.

స్టాంపులు పోగుచేసేవాళ్ళ దృష్టిలో ఇంతకు మించిన పాపం లేదు. మేం స్టాంపుని వేలితో ముట్టుకోం. వెనకాల గోరంత పల్చటి కాగితపు మడత పెట్టి ఆల్బంలో నిలబెడతాం, ఎప్పుడు కావాలంటే అప్పుడు నలక్కుండా ఊడి వచ్చేలాగ.

ఫణి తట్టుకోలేకపోయాడు. "నాకివ్వండమ్మా, కొత్తవాటిలా చేసి తెస్తాను" అన్నాడు. నీకెందుకు బాబూ శ్రమ అంటూనే ఆవిడ ఇచ్చారు.

పాపం నెల రోజులు కష్టపడ్డాడు. పేజీలు కత్తిరించి, బేసినులో నానబెట్టి, ఒక్కో స్టాంపూ ఊడదీసి, ఆరబెట్టి, కొత్త ఆల్బంలో వరసగా అమర్చి తెచ్చాడు. "మెతుకులన్నీ పోయాయి. అంచుల మీద పసుపు మరకలు కూడా మూడు నీళ్ళు మార్చేసరికి వదిలాయి" అని కాస్త గొప్పగానే చెప్పాడు. ఆవిడ పేజీలన్నీ తిప్పి చూశారు. పాత పుస్తకం ఏదని అడిగారు. నానిపోయిందమ్మా, పారేశాను అన్నాడు. ఆవిడ ఆల్బం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. నేను పోసిచ్చిన టీ బల్ల మీద అలాగే ఉండిపోయింది.

అదీ జరిగింది. ఇక ఆ ఆదివారం అందరూ వెళ్ళాక ఫణి గురువుగారి పక్కన కూర్చున్నాడు. నేను గ్లాసులు కడుగుతున్నాను.

"నేను చేసింది మంచే కదండీ. ఒక్క పన్ను కూడా విరగనివ్వలేదు. ఆవిడెందుకు మానేశారు?"

"ఆ పసుపు మరకలు ఎవరివి?" అన్నారు గురువుగారు.

"ఎవరివంటే... కూర మరకలండీ."

"ఎవరివని ఆవిణ్ణి అడిగావా?"

ఫణి తల అడ్డంగా ఊపాడు.

"అయితే ఉత్తరం రాసి అడుగు."

"ఫోన్ చేస్తానండీ, నంబరుంది."

"ఉత్తరమే రాయి నాయనా. ఇన్ని స్టాంపులు పెట్టుకుని ఒక్క ఉత్తరం రాసిన మొహాలు కావు మనవి."

ఆ మాట నాకూ తగిలింది. నేను ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో లెక్కే లేదు.

ఫణి నాలుగు వాక్యాలు రాయడానికి మూడు కాగితాలు చింపాడు. కవరు మీద అడ్రసు కూడా రాశాక గురువుగారు లేచి తన బీరువా తాళం తీశారు.

అందులో ఏముందో క్లబ్బంతటికీ తెలుసు. ఐదు రూపాయల లకుముకి పిట్ట. అచ్చు వేసేటప్పుడు నారింజ రంగు పడక పొట్ట తెల్లగా ఉండిపోయిన స్టాంపు. అలాంటిది మేం ఇంకోటి చూడలేదు. జిల్లా ప్రదర్శనలో పెట్టుకుంటాను, ఇవ్వండని ఫణి మూడేళ్ళుగా అడుగుతున్నాడు. చూద్దాంలే అనేవారాయన.

ఆ రోజు దాన్ని బయటికి తీశారు. వేళ్ళతోనే తీశారు. ఇక తనకే ఇస్తారనుకుని ఫణి మొహం వెలిగింది. గురువుగారు స్టాంపు వెనక వైపు నాలిక మీద రాసి, కవరు మూల పెట్టి, బొటనవేలితో గట్టిగా అదిమారు.

ఫణి కుర్చీలోంచి సగం లేచాడు. "గురువుగారూ... అది..."

"ఐదు రూపాయలది. ఊళ్ళో ఉత్తరానికి సరిపోతుంది. వెళ్ళి డబ్బాలో వెయ్యి."

అబద్ధమెందుకు, నా చేతిలో గ్లాసు జారిపోయింది.

మెట్లు దిగితే ఎదురుగానే ఎర్ర డబ్బా. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఫణి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. కవరు ఇంటికి తీసుకుపోయి స్టాంపు ఊడదీసుకోవచ్చు. ఇంకో స్టాంపు అంటించి పంపొచ్చు. ఎవరికి తెలుస్తుంది? అతనికి ఆ ఆలోచన వచ్చే ఉంటుంది, నాకైతే వచ్చింది. చివరికి కవరు లోపల పడింది. చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేదు.

తర్వాతి సమావేశానికి కాంతామణి గారు వచ్చారు. ఒక చేతిలో ఆల్బం, ఇంకో చేతిలో క్యారేజీ. అందరికీ పసుపు వేసి పెసరపప్పు పులగం వండి తెచ్చారు. వచ్చి తిన్నగా ఫణి ఎదురుగా కూర్చున్నారు.

"అడిగావు కదా బాబూ. ఆ పసుపు మా ఆయన బొటనవేలిది. ఓడ దిగి ఇంటికొచ్చిన రోజు, తిన్నాక వెంటనే చెయ్యి కడుక్కునేవారు కాదు. కంచంలో నాలుగు మెతుకులు మిగిల్చి పుస్తకం తెమ్మనేవారు. నేను స్టాంపు పట్టుకునేదాన్ని, ఆయన అంటించేవారు. అరవై నాలుగూ అంతే." ఆల్బం బల్ల మీద పెట్టారు. "నిన్ను తిట్టుకున్నాను నాయనా. కడిగేముందు ఒక్క మాట అడిగుంటే బాగుండును కదా అని ఏడ్చాను. నువ్వు పుస్తకం తీసుకెళ్తుంటే నేనెందుకు చెప్పలేదా అని కూడా ఏడ్చాను."

"తప్పయిపోయిందమ్మా. మళ్ళీ తేలేను వాటిని" అన్నాడు ఫణి.

"తేలేవు" అన్నారావిడ మెల్లగా. అని ఆల్బం మొదటి పేజీ తెరిచారు.

ఫణి ఖాళీగా వదిలిన ఆ పేజీ నిండా ఇప్పుడు అతను పంపిన కవరు ఉంది. తెల్లటి లకుముకి పొట్ట మీద తపాలా ముద్ర నల్లగా పడి ఉంది. కవరుని మెతుకులతో అంటించారు. కింది మూల ఒకటి సరిగ్గా అంటుకోక లేచి ఉంది.

అలవాటు కొద్దీ ఫణి చెయ్యి జేబులోని పట్టకారు దగ్గరికి వెళ్ళింది. అక్కడే ఆగింది. అతను క్యారేజీ మూత తీసి, పులగంలోంచి రెండు మెతుకులు తీసుకుని, లేచిన మూల కింద మెదిపి, బొటనవేలితో అదిమి పట్టాడు. వేలు తీసేసరికి కవరు అంచు మీద పసుపుపచ్చగా ముద్ర పడింది, గీతలతో సహా.

ఆవిడ ఆల్బం మూయబోయారు.

గురువుగారు వంగి చూసి, "ఉండండమ్మా, ఆరనివ్వండి" అన్నారు.