డబుల్ అన్నాక

నృసింహం మాస్టారిని బ్రిడ్జి గురించి ఏదైనా అడిగితే అప్పటికప్పుడు జవాబు రావడమన్నది కాకినాడలో ఎవరూ ఎరగరు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, "చూద్దామండీ" అంటారు. ఆ చూడటానికి వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. ఈసారి అడిగినవాడు లాయరు సోమయాజులు. ఆయనకి వాయిదాలు అడగడమే గాని, ఇంకొకరు వేస్తే భరించడం అలవాటు లేదు. అందుకే క్లబ్బులో ఆయన గొంతు కాస్త పైకే లేచింది.

"ఒక జాతిలో ఏడు ముక్కలు, ఇంకో జాతిలో ఐదు. అవతలివాళ్ళ జాతి నా దగ్గర ఒక్కటీ లేదు. అలాంటి చేయి పట్టుకుని కూర్చున్నప్పుడు వాళ్ళు పోటీకొస్తే ఎంతవరకు పాడాలి మాస్టారూ? అంకె చెప్పండి చాలు."

ఆయన చిరాకు ఊరికే వచ్చింది కాదు. బ్రిడ్జిలో ముక్కలు వేసే ముందు వేలంలాగా, మేమిన్ని పట్లు పడతామంటే మేమిన్ని పడతామని రెండు జట్లూ పాడుకుంటాయి. అవతలివాళ్ళు అత్యాశకి పోయారనిపిస్తే "డబుల్" అంటారు. ఎదుటనున్న జోడీకి అది ఒక కబురు: వాళ్ళనక్కడే ఉండనివ్వు, సంగతి నేను చూసుకుంటాను. సోమయాజులుకి జోడీ దయామణిగారు, నర్సింగ్ సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ డబుల్ అనడం, ఈయన చేతిలో ముక్కలు చూసుకుని మురిసిపోయి ఇంకో మెట్టు పైకి పాడటం, ఇద్దరూ కలిసి మునగడం. ఆ ఒక్క నెలలోనే నాలుగుసార్లయింది.

నాలుగోసారి ఆవిడ ముక్కలు బల్లమీద పెట్టేసి, "విశాఖపట్నం పోటీకి వేరే ఎవరినన్నా చూసుకోండి లాయరుగారూ" అన్నారు. వేరే ఎవరున్నారు? అంతకు ముందే ముగ్గురు జోడీలు ఆయనకి దణ్ణం పెట్టి తప్పుకున్నారు. ఆ పోటీలో ఒక్కసారైనా ఆడాలని ఆయనకి ఏళ్ళ తరబడి ఆశ. జంటగా తప్ప పేరివ్వడానికి లేదు, ఇవ్వడానికి ఆఖరు రోజు బుధవారం. దయామణిగారు కాదంటే ఇక ఆ ఆశకి నీళ్ళు వదులుకోవలసిందే.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "బుధవారం రండి. మీరు ఆడొద్దు. ఆవిడకి జోడీగా నేను కూర్చుంటాను. మీరు ఆవిడ వెనక కుర్చీ వేసుకుని చూడండి. ఆట అయ్యేదాకా నోరు మెదపకూడదు."

"నేనడిగింది అంకె మాస్టారూ."

"చూద్దామండీ."

బుధవారం సాయంత్రం మొదటి గంటంతా చప్పగా గడిచింది. ఒక్కటీ చెప్పుకోదగ్గ చేయి పడలేదు. దయామణిగారు ముక్కలు సర్దుకునే తీరు ఇంజెక్షన్ మందు కొలిచినట్టుంటుంది. వెనక కూర్చుని అది చూస్తుంటే సోమయాజులుకి ప్రాణం విసిగిపోయింది. జవాబు చెప్పడం చేతకాక ఈ పెద్దాయన తనని మూల కూర్చోబెట్టాడని కూడా అనుకున్నాడు.

అప్పుడు మాస్టారు ఉన్నట్టుండి "నాలుగు ఇస్పేట్లు" అన్నారు. పక్కనున్న అవతలి జట్టు పళ్ళ డాక్టరు "ఐదు ఆఠీన్లు" అన్నాడు, అంటే ఆఠీను తురుపు పెట్టుకుని పదమూడింట పదకొండు పట్లు పడతానని. సోమయాజులు దయామణిగారి భుజం మీంచి చూశాడు. ఇస్పేటు ఒక్కటీ లేదు. ఆఠీన్లు ఐదు, అందులో రాజు, రాణి, పది, తొమ్మిది. పైగా కళావరు ఆసు. డాక్టరు రెండు పట్లకి మించి వదులుకోకూడదు. ఆవిడ ఒక్కరి దగ్గరే మూడో నాలుగో ఉన్నాయి. ఇక డాక్టరు పని అయిపోయినట్టే.

"డబుల్," అన్నారు దయామణిగారు.

మాస్టారు తన ముక్కలకేసి చూశారు. మళ్ళీ చూశారు. ఆ చూపు సోమయాజులుకి ఎందుకో నచ్చలేదు. వద్దు, వద్దు అని మనసులోనే మొత్తుకున్నాడు.

"ఐదు ఇస్పేట్లు," అన్నారు మాస్టారు. ఇస్పేటు ఆఠీనుకంటే పై జాతి గనక పాట ఇటు తిరిగింది.

డాక్టరు మొహం వెలిగిపోయింది. ఇప్పుడు డబుల్ అనడం అతని వంతు. పాడినవాళ్ళ జోడీ చేయాల్సినట్టే దయామణిగారు తన ముక్కలన్నీ బల్లమీద పరిచి చేతులు కట్టుకున్నారు. ఒక్కొక్క పట్టూ పోతుంటే సోమయాజులు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. చేతికందిన లాభాన్ని కాలదన్ని, మాస్టారు మూడు పట్లు తక్కువయ్యారు. ఆఖరు ముక్క పడిందో లేదో, లాయరు లేచి నిలబడ్డాడు.

"ఏమిటండీ ఇది? ఆవిడ డబుల్ అన్నారా లేదా? మీ చేయి మీకు ముద్దుగానే ఉంటుంది, కాదనను. ఆవిడ దగ్గరేముందో మీకేం తెలుసు? చెప్పినా వినిపించుకోనప్పుడు ఇక ఆవిడ ఈ కుర్చీలో కూర్చోవడం దేనికి?"

పక్క బల్లల దగ్గర ఆట ఆగిపోయింది. దయామణిగారు మెల్లిగా వెనక్కి తిరిగి ఆయన్ని ఎగాదిగా చూశారు. తర్వాత సంచిలోంచి విశాఖపట్నం ఫారం తీసి, తన పేరు రాసి సంతకం చేసి, కలంతో సహా ఆయన చేతిలో పెట్టారు.

"రెండో పేరు మీరే రాసుకోండి."

సోమయాజులు కూర్చున్నాడు. పేరు రాశాడు. కాసేపటికి, కోర్టులో అవతలి సాక్షి గుట్టు దొరికినవాడిలా తలెత్తాడు.

"నాకు బుద్ధి చెప్పడానికి కావాలనే అలా పాడారు కదూ మాస్టారూ?"

మాస్టారు ఆడేసిన ముక్కల్లోంచి తనవి ఏరి వరసగా పరిచారు. ఏడు ఇస్పేట్లు, ఐదు డైమన్లు, ఒక కళావరు. ఆఠీను లేదు. వాటికేసి ఇంకా ఇష్టంగానే చూస్తూ అన్నారు:

"లేదండీ. ఇవి చూసేసరికి నాకూ వినబడలేదు."