వీధివైపు తిరిగిన బూట్లు

పిల్లలూ, మీరు పుట్టిన ఈ దేశంలో ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. నేను విన్నది విన్నట్టే చెబుతాను.

ఆదోని నుంచి ఈ కెనడాకి వచ్చి స్థిరపడిన షాషావలీకి ఆ ఆదివారం మనసు మనసులో లేదు. అతను వెళ్ళే సూఫీ మఠానికి కొన్నాళ్ళుగా ఇద్రీస్, యూనుస్ అనే ఇద్దరు వస్తున్నారు. ఇద్దరూ మగవాళ్ళే, ఒకరినొకరు పెళ్ళి చేసుకున్నారు. సొంత దేశంలో ఉంటే ఉరి తీస్తారని పారిపోయి వచ్చారు.

"బాబా, మా పిల్లల్ని కూడా ఇక్కడికే తెస్తున్నాను," అన్నాడు షాషావలీ గురువుతో. "నాలుగు మంచి మాటలు వింటారని తెస్తే, వాళ్ళు చూసేది ఇదా? ఈ దేశంలో పిల్లలు చెయ్యిజారిపోతారేమోనని నాకు నిద్రే పట్టదు. మీరే ఏదో ఒకటి చెప్పండి."

గురువు కమాల్ బాబా తుర్కీ నుంచి వచ్చిన ముసలాయన. "చాయ్ పెట్టించావా?" అని మాత్రం అడిగి ప్రార్థనకి వెళ్ళిపోయాడు.

ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. వచ్చినవాళ్ళ బూట్లు గుమ్మం దగ్గర మొనలు లోపలివైపు ఉండేలా సర్దిపెడతారు. మళ్ళీ రండి అని అర్థం. మొనలు వీధివైపు తిప్పి ఉంటే, ఇక రావద్దని. నోరు విప్పి చెప్పక్కర్లేదు.

బూట్లు సర్దే పని షాషావలీది. అందరూ లోపల ఉండగా రెండు జతలు వీధివైపు తిప్పేశాడు.

ప్రార్థన అయ్యాక ముందుగా బయటికొచ్చిన ఇద్రీస్ ఆ బూట్లు చూసి ఆగిపోయాడు.

"బస్సులో మమ్మల్ని 'మీ దేశానికి పొండి' అంటారు. నువ్వు కూడానా భాయ్?"

షాషావలీ తల తిప్పుకున్నాడు. యూనుస్ కూడా వచ్చాడు. ఇద్దరూ లేసులు కట్టుకుంటున్నారు.

వెనకే బాబా వచ్చాడు. చూశాడు. వంగి, తన పాత బూట్లు కూడా వీధివైపు తిప్పి, తొడుక్కున్నాడు.

"బయట మంచు పడుతోంది బాబా! ఎక్కడికి?" అన్నాడు షాషావలీ.

"వీళ్ళతో."

"మిమ్మల్నెవరన్నారు? మీరెందుకు?"

"ఇక్కడ బూట్లు తిప్పే హక్కు గురువొక్కడిదే. ఇవాళ నువ్వు తిప్పావు. లోపల జనం కూర్చున్నారు, వెళ్ళి బోధించు."

ముగ్గురూ మెట్లు దిగారు.

షాషావలీ కూతురు చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "అబ్బాజాన్, బాబా ఎందుకు వెళ్ళిపోతున్నారు?"

షాషావలీ మేజోళ్ళతోనే మంచులోకి పరిగెత్తాడు.

"తప్పయింది బాబా. వెనక్కి రండి."

"నన్నడుగుతావేం? నేను వీళ్ళ వెంట వచ్చినవాణ్ణి." బాబా నడక ఆపలేదు.

షాషావలీ వెళ్ళి ఇద్రీస్‌కి ఎదురుగా నిలబడ్డాడు. కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. "భాయ్, క్షమించండి. లోపలికి రండి. చాయ్ చల్లారిపోతోంది."

"మీ పిల్ల గుమ్మంలోంచి చూస్తోందే?"

"చూడనివ్వండి. మీకు చాయ్ పోసేది మా అమ్మాయే."

ఇద్రీస్ కదల్లేదు. యూనుస్ మాత్రం షాషావలీ తడిసిన మేజోళ్ళ వంక చూసి, అతని రెక్క పట్టుకున్నాడు.

"ముందు ఈయన్ని లోపలికి చేర్చుదాం పద. కాళ్ళు పోగొట్టుకునేలా ఉన్నాడు."

పిల్లలూ, ఈ కథ మీ స్నేహితులకి చెప్పండి. వాళ్ళు ఎవరో, ఎక్కడివాళ్ళో అడక్కుండా చెప్పండి.